శుభ్‌లాభ్ ఫోల్డరు

ఆ రోజుల్లో రాయపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి డాక్టరు కంటే ఎక్కువగా చూసేవారు. ఆ గౌరవం నా నెత్తికి బాగానే ఎక్కింది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపువాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పక్క క్వార్టరు పెయింటు మావయ్య (బాగుచేసిన వ్యాగన్ల మీద అక్షరాలు రాయడం ఆయన పని, శ్రీకాకుళం మనిషి) దేవేంద్ర నగర్‌లో ఒక ఆసుపత్రివాళ్లని బతిమాలి నన్ను పనిలో పెట్టించాడు. నేను రోగుల వివరాలకి ఒక ప్రోగ్రాం రాసి, "ఇంక కార్డులతో పనిలేదు" అని పాత కార్డులన్నీ మూటలు కట్టించి గోదాముకి పంపేశాను. డేటా ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో ప్రోగ్రాంలో నా చేత్తో నేనే టైపు చేశాను. అది అక్కణ్ణుంచి కదుల్తుందని నా బుర్రకి తట్టనేలేదు.

మన ఆయుధపూజలాంటి విశ్వకర్మ పూజ వచ్చింది. వర్క్‌షాపులో మిషన్లు కడిగినట్టే మా ఆఫీసు హెడ్ క్లర్కు బడేబాబు కంప్యూటర్ తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. అంతటితో ఆగినా బాగుండును! లోపల కూడా శుభ్రం చేద్దామని, శుభమూ లాభమూ కలగాలని 'శుభ్‌లాభ్' అని కొత్త ఫోల్డరు పెట్టి, ప్రోగ్రామూ ఫైలూ అన్నీ అందులోకి తోసేశాడు. మర్నాడు గురువారం. నాగపూర్ నుంచి కడుపు డాక్టరు వచ్చేది వారానికి ఆ ఒక్కరోజే, మధ్యాహ్నం బండికి వెళ్లిపోతాడు. కొన్నాళ్లుగా కడుపునొప్పితో బాధపడుతున్న మావయ్యదే మొదటి చీటీ. పాత పరీక్షల వివరాలు చూడందే ఆపరేషన్ తేదీ చెప్పనన్నాడు డాక్టరు. నేను దర్జాగా మీట నొక్కాను. ఫైలు దొరకలేదంది కంప్యూటర్.

పదిసార్లు నొక్కాను, పదిసార్లూ అదే మాట. ఫైలు చెరిగిపోయిందనుకుని గోదాముకి పరిగెత్తి, మూటలు విప్పి, దుమ్ములో కూర్చుని వెతికాను, మావయ్య కార్డు దొరకలేదు. ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి మావయ్య కడుపు పట్టుకుని బెంచీ మీద కూర్చుని, పక్కవాళ్లతో "హమారా లడ్కా హై, అభీ నికాల్ దేగా" అని, మా కుర్రాడే, ఇప్పుడే తీసిచ్చేస్తాడని చెబుతూనే ఉన్నాడు. (ఆ మాట వినపడకుండా ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.) డాక్టరు వెళ్లిపోయాక తీరిగ్గా వచ్చాడు బడేబాబు. "అరే, వో తో మైనే శుభ్‌లాభ్ మే రఖ్ దియా!" అన్నాడు. చూద్దును కదా, ఫైలు ప్రోగ్రాం పక్కనే ఉంది. పక్కనున్నదాన్ని వదిలేసి అది పొద్దుట్నించీ నేను చెప్పిన పాత చిరునామాకే పోయి వెతుకుతోంది.

మావయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రిక్షాలో ఇంటికొస్తూ, "ఏటిరా అల్లుడూ, వ్యాగను దేశమంతా తిరుగుతాది. అదెక్కడిదో తెలియాలంటే రిజిస్టర్లో ఎతుకుతామేటి? దాని ఒంటిమీదే రాసుంటాది. నీ ప్రోగ్రాంని 'నువ్వెక్కడున్నావే' అని అడగలేవేటి?" అన్నాడు. అడగొచ్చు. ఒక్క వరుస చాలు. మర్నాడు పొద్దున్నే రాశాను: నువ్వున్న ఫోల్డరేదో నువ్వే చెప్పు, ఫైలు అక్కడే వెతుకు.

పై గురువారం డాక్టరు చూశాడు. ఆపరేషనూ అయింది. దీపావళికి మావయ్య లేడు. వారం ముందైనా ఏమీ మారేది కాదని డాక్టరన్నాడు, అత్తయ్య కూడా అంది. సరేనని తలూపాను.

ఇప్పటికీ ఏ ప్రోగ్రాం మొదలెట్టినా ముందు ఆ వరుసే రాస్తాను. సార్‌కి చాదస్తమని ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు, నేనూ వాళ్లతో నవ్వేస్తాను. అది రాయడానికి నిమిషం పట్టదు. నాకే ఒక గురువారం ఆలస్యమైంది.