డోలుకు వదిలిన ఖాళీ

2002లో మదనపల్లె బస్టాండు వెనక సందులో నాకొక డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లి కార్డులు, పరీక్ష పేపర్లు, టమాటా మండీల బిల్లు పుస్తకాలు టైపు చేసి అచ్చుకు ఇవ్వడం నా పని. వీటితోపాటు ఊళ్లో ఇంకెవరికీ రాని పని ఒకటి నాకు వచ్చు. ఒక చర్చి పాటల బృందం అడిగితే, సంగీతాన్ని పేజీల మీద పెట్టే నొటేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ పుంగనూరు నుంచి గంగులప్ప నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

గంగులప్ప నాదస్వరం విద్వాంసుడు. నలభై ఏళ్లు గుళ్లలో, పెళ్లిళ్లలో ఊదినవాడు. ముందు పళ్లు ఊడిపోయాక, నాదస్వరం కొసన ఉండే రెల్లు పీక పెదవుల మధ్య నిలవక వాద్యం పక్కన పెట్టేశాడు. ఆయన సొంతంగా కట్టిన మల్లారులు పన్నెండు ఉన్నాయి. దేవుడు ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు వాయించేది మల్లారి. దానికి సాహిత్యం ఉండదు, అంతా స్వరాలే. నేర్చుకుంటామని ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు.

"పుస్తకం వేస్తే యాడో ఒకసోట ఎవురో ఒకరు చూసి ఊదుతారు గదమ్మా. అంతకు మించి నాకేం వద్దు" అన్నాడు.

అచ్చు ఖర్చు పెట్టుకుంటానన్నది ఒక టమాటా మండీ యజమాని. పేరెందుకు లెండి, అందరూ మండీ సారు అనేవాళ్లు. రాజకీయాల్లోకి దిగాలని ఉబలాటపడుతున్న రోజులవి.

గంగులప్ప పొద్దున్నే బస్సు దిగి నా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. తొడ మీద తాళం వేస్తూ పాడేవాడు, నేను టైపు చేసేదాన్ని. ఆ సాఫ్ట్‌వేర్ అయిదు గీతల పాశ్చాత్య సంగీతం కోసం తయారైంది, మన సరిగమలు దానికి తెలియవు. అందుకని ఒక దొంగదారి కనిపెట్టాను. పాటల మాటలు రాసే వరుసలో స్వరాలు టైపు చేసి, పైనున్న గీతల్నీ నోట్లనీ హైడ్ చేసేదాన్ని, అంటే కాగితం మీద కనబడకుండా దాచేసేదాన్ని. దాచినా లోపల వాటి లెక్క నడుస్తూనే ఉంటుంది. పొడవు స్వరానికి ఎక్కువ చోటు, పొట్టి స్వరానికి తక్కువ చోటు అదే ఇస్తుంది. దీన్నే స్పేసింగ్ అంటాం. ఒక్కో ఆవర్తనాన్ని, అంటే తాళం ఒక పూర్తి చుట్టును, ఒక్కో వరుసలో పెట్టి లాక్ చేస్తే, ఈ వరుసలోది ఆ వరుసలోకి దొర్లదు. తాళం తెలిసినవాడు పేజీ చూస్తూ ఊదుకుంటూ పోవచ్చు.

మొదటి మల్లారి మధ్యలో గంగులప్ప ఉన్నట్టుండి పాట ఆపేశాడు. తొడ మీద తాళం మాత్రం నడుస్తోంది.

"ఏం పెద్దాయనా, మరిచిపోయారా?" అన్నాను.

"యాల మరిచిపోతానమ్మా? ఈడ నేను ఊదను. డోలు మాట్లాడతాది. నేను గమ్మునుండాల."

"మరి డోలుకు ఏం రాయమంటారు?"

"ఏమీ రాయొద్దు. అది డోలు పట్టినోడి సొంతం. మా బావ ముప్పై ఏండ్లు నా పక్కన తట్టినాడు. నిన్న తట్టినట్టు ఈపొద్దు తట్టలా. సచ్చిపోయినాడు గానీ, వాడి సోటు వాడికుండాల గదా. సందు ఇడిసిపెట్టు, సాలు."

పోనీ ఒక అడ్డగీత పెడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. స్వరలిపిలో అడ్డగీత కనబడితే ఊదేవాడు దాని ముందున్న స్వరాన్ని సాగదీస్తాడట. అదీ నిజమే. కాబట్టి తాళాన్ని విడదీసే నిలువు గీతలు మాత్రం ఉంచి, వాటి మధ్య గళ్లు తెల్లగా వదిలాను. ఆ తెల్ల గళ్లు నన్ను పెట్టిన తిప్పలు అంతా ఇంతా కాదు. ఏమీ లేని గడిని ఆ సాఫ్ట్‌వేర్ దానంతటదే ఇరుకు చేసేస్తుంది. ఒక్కో గడినీ పట్టుకుని వెడల్పు చేత్తో ఇవ్వాలి. పక్క పేజీ సర్దేసరికి అది మళ్లీ ముడుచుకుని కూర్చునేది. మౌసు ఎత్తి గోడకేసి కొట్టాలనిపించేది. అయినా మొండికేసి పన్నెండూ పూర్తిచేశాను. తెల్ల గళ్లు డోలువాడివని చెబుతూ మొదటి పేజీలో వివరంగా రాశాను. ప్రింటు తీసి చేతికిస్తే గంగులప్ప వేలితో ఆ గళ్ల మీద తాళం వేసుకుంటూ పేజీ చివరిదాకా వెళ్లాడు. "సరిగ్గా ఉండాదమ్మా" అన్నాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

మర్నాడు మండీ సారు వచ్చాడు. పేజీలు టపటపా తిప్పాడు.

"ఏమ్మా, సగం తెల్లగా ఉండాదే. ఇంకు అయిపోయిందా?"

"కాదు సార్. అది డోలు వాయించే చోటు."

"పుస్తకంలో కూచోని డోలు తడతాడా ఎవుడైనా?" అని పగలబడి నవ్వాడు. "ఖాళీకి గూడా నేనే కాగితం కొనాల్నా? అంతా దగ్గరికి జరిపెయ్. ముందర మావోళ్ల ఫొటోలు రావాల, శుభాకాంక్షలు రావాల. వాటికి సోటు సాల్లేదు."

"జరిపితే సంగీతం చెడిపోతుంది సార్. ఊదేవాడికి అర్థం కాదు."

"పెద్ద సంగీతం! మేళగానికి పుస్తకం వేసేదే ఎక్కువ. ఇంగ దాంట్లో ఖాళీలు గూడానా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పని నా చేత కాదని మొహం మీదే చెప్పాను. "నువ్వు కాకుంటే ఇంగొకడు" అని ప్రింటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గంగులప్పకు నేనే చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే మండీకి పోయి వరండాలో చాలాసేపు నిలబడి వచ్చాడట. సారు పనిలో ఉన్నాడన్నారట, అంతే.

పుస్తకం పుంగనూరులో ఒక కల్యాణమండపంలో బయటికొచ్చింది. తెరిస్తే మొదట మండీ సారు ఫొటో, తర్వాత ఆయన తండ్రిది, ఆ తర్వాత ఎవరెవరివో నమస్కారాలు పెడుతున్న ఫొటోలు. నేను రాసిన వివరణ పేజీ గల్లంతు. వెనక మల్లారులున్నాయి. వేరెవరో ఆపరేటర్ అన్నీ మళ్లీ టైపు చేశాడు. గీతల మధ్య ఏమీ లేదు కదా అని ఖాళీ గళ్లన్నీ ఎత్తేశాడు. మిగిలిన స్వరాలను ఈ అంచు నుంచి ఆ అంచుకు ఇటుకలు పేర్చినట్టు పేర్చాడు. ఏ ఆవర్తనం ఎక్కడ మొదలవుతుందో ఆ పరమాత్ముడికే తెలియాలి. వేదిక మీద గంగులప్ప శాలువా కప్పుకుని పుస్తకం వైపే చూస్తున్నాడు. పేజీ తిప్పడం లేదు.

కిందికి దిగాక ఆయన మీద కూడా కోప్పడ్డాను. "మైకు మీ చేతికిచ్చారు కదా, ఒక్క మాట అనొచ్చు కదా!"

"ఏమనేదమ్మా? వాళ్ల నాయన పెండ్లికి మా నాయన ఊదినాడు. ఈయన పెండ్లికి నేను ఊదినా. గడప బయట నిలబడి ఊదినోళ్లమే గానీ, లోపలికి పోయి అడిగినోళ్లం కాము."

నేను వదల్లేదు. నా ఫైలు నా దగ్గరుంది. పన్నెండూ మళ్లీ ప్రింటు తీసి, జెరాక్సు చేయించి, గంగులప్పను వెంటబెట్టుకుని కుప్పం వెళ్లాను. అక్కడ మురుగేశు అని నాదస్వరం వాయించే యువకుడు ఉన్నాడు. అక్కడి జాతర ఊరేగింపులో గంగులప్ప కట్టిన మల్లారి వాయిస్తానని అతను ముందే మాటిచ్చాడు. మేము వెళ్లేసరికి పుస్తకం ముందు పెట్టుకుని సాధన చేస్తున్నాడు. "మామా, ఈడ డోలుకు సందే లేదే. మావోడు యాడ తట్టేది?" అని అతనే అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితాలు పరిచాను. గంగులప్ప తొడ మీద తాళం వేసి, పళ్లు లేని నోటితోనే మొత్తం పాడి వినిపించాడు. మురుగేశుకు అర్థమైంది. అర్థమయ్యాక తల గోక్కున్నాడు.

"బాగుండాదక్కా. కాకుంటే ఆపొద్దు మేళానికి డబ్బిచ్చేది మండీ సారే. పుస్తకం చేతిలో పట్టుకోని ముందరే కూసుంటాడు. మేం మధ్యలో ఆపినామంటే, మరిచిపోయినారని అందరి ముందర అంటాడు. అచ్చేసిన పుస్తకాన్ని కాదని జెరాక్సు కాగితాన్ని ఎవురు నమ్ముతారక్కా?"

జాతర రోజు నేనూ వెళ్లాను. ఊరేగింపు బయలుదేరే చోట గంగులప్పను మండీ సారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. మైకులో ఆయన పేరు గట్టిగా చెప్పారు. మురుగేశు మొదలుపెట్టాడు. మంచి ఊపిరి ఆ అబ్బాయిది. మొదటి వరుస అయిపోగానే గంగులప్ప చెయ్యి తొడ మీదికి వెళ్లింది, డోలు కోసం. నాదస్వరం ఆగలేదు. డోలు పాపం సందు దొరక్క వెనకాలే పరుగెత్తింది. తాళానికి లేచిన గంగులప్ప చెయ్యి కాసేపు గాల్లో ఉండి ఒడిలోకి వచ్చింది. అదే వేగంతో చివరిదాకా లాగేశారు. జనం ఈలలు వేశారు. మండీ సారు ఆయన భుజం తట్టి, "సూసినావా గంగులప్పా, ఎట్లుండాదో నీ మల్లారి!" అన్నాడు. గంగులప్ప రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

తిరుగు బస్సులో గంగులప్ప కిటికీ పక్కన కూర్చున్నాడు. "పిల్లోడు బాగా ఊదినాడమ్మా" అన్నాడు. "నాది కాదు, అంతే."

ఆ తర్వాత మరి కొన్నేళ్లకు ఆయన పోయాడు. నా సెంటరూ, అందులోని ఆ ఫైలూ కూడా ఇప్పుడు లేవు. సెంటరు మూసేదాకా నేను కట్టిన పేజీని, అచ్చుకు ముందు తీసే ఫిలిం దాకా దగ్గరుండి నడిపించాను, ప్రింటు ఒక్కటీ ఎవరి చేతికీ ఇచ్చి పంపలేదు. ఆ పుస్తకం నాకు పనిలో నేర్పిన బుద్ధి అది. కానీ అసలు నేర్పింది వేరు. ఉన్న అక్షరాన్ని ఎవరైనా తీసేస్తే ఇదిగో పోయిందని చూపించి దెబ్బలాడొచ్చు. ఖాళీని తీసేస్తే, పోయింది ఇదీ అని చూపించడానికి కూడా ఏమీ మిగలదు. గంగులప్ప పుస్తకం లైబ్రరీలో ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే ఉంది. ఆయన మల్లారులు కావాలని ఎవరైనా వెళితే దాన్నే తీసి చేతికిస్తారు. అసలు పుస్తకమే లేకపోయి ఉంటే, అవి పోయాయని కనీసం తెలిసేది.