నెట్ సెంటర్ గుమ్మం ముందు చెప్పులు

పలమనేరు పక్కన మా పల్లెలో, ఈ ఆదివారం బడి గది గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూసి ఆగిపోయాను. అన్నీ ఆడవాళ్లవే. కొన్నింటికి పేడ కూడా అంటుకుని ఉంది. వారం వారం ఆ గదిలో నేను ఆడవాళ్లకు ఫోన్లో ఇంటర్నెట్ వాడటం నేర్పుతున్నాను.

మన చిన్నప్పటి నెట్ సెంటర్ గుర్తుందా మీకు? కంప్యూటర్లకు దుమ్ము పడుతుందని చెప్పులు బయటే విప్పించేవాళ్లు. తలుపు తీస్తే ఏసీ చల్లదనం, దాంతోపాటే కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చేవి. గుమ్మం ముందు ఆడపిల్లల చెప్పులు మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు నాయన వెంట నేనూ వెళ్లాను.

"లోపలంతా మొగపిల్లోళ్లే ఉండారు. నువ్వు ఈడే ఉండి చెప్పులు సూస్తా ఉండు" అని, నా హాల్ టికెట్ తీసుకుని ఆయన లోపలికి వెళ్లాడు. నా మార్కులు నాకంటే ముందు ఆ గదిలో వాళ్లందరూ చూశారు. నేను బయట చెప్పులకు కాపలా ఉన్నాను.

ఈ ఆదివారం మునెమ్మక్క మొదటిసారి వచ్చింది. కొడుకు ఫోన్ కొంగులో చుట్టి తెచ్చింది కానీ, గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది.

"ఈ వయసులో నాకెందుకులేమ్మా. నేనీడే కూచోని అందరి చెప్పులూ సూస్తా ఉంటా" అంది.

చెయ్యి పట్టుకుని లేపాను.

"పోతే పోనీలే అక్కా, కొత్తవి కొనుక్కుందాం. ఈడ ఇంక ఏ ఆడమనిషీ చెప్పులకు కాపలా ఉండేదానికి లేదు. లోపలికి రా."