సుగుణమ్మ గోడకు పెట్టిన గాజుపట్టీ

బరువు వీపు మీద ఉంటుందంటారు. నాది కుడిచేతి బొటనవేలిలో ఉంది. ఏళ్లు గడిచాయి, దిగలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో ఒక పాత వాడలో ఉంటాను. బడి చిన్నప్పుడే మానేశాను. నూనె మిల్లులో పనిచేస్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని నాకు నేనే చదువు చెప్పుకున్నాను. మున్సిపల్ చట్టాన్నీ అలాగే, పంక్తి కింద వేలు పెట్టి చదివాను. ఇంటిగలవాళ్లు ఇంటిని భద్రంగా ఉంచుకోవాలి, ఉంచుకోకపోతే నోటీసు ఇవ్వాలి, ప్రమాదమని తేలితే కూల్చాలి. రాసి ఉంది. చేసేదెవరు? వానాకాలం ముందు ఆఫీసు వాళ్లు వస్తారు, పేదవాళ్ల పెంకుటిళ్లకు కాగితం అంటిస్తారు, ఫోటో తీసుకుని పోతారు. రేపు గోడ కూలి మనిషి చస్తే చూపించుకోవడానికి ఆ ఫోటో. బజారులో పగుళ్లుబారిన నాలుగంతస్తుల మేడ జోలికి మాత్రం పోరు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. న్యాయమైన కోపమే. దాన్ని పట్టుకుని నేనేం చేశానన్నది వేరే సంగతి.

మా పక్కిల్లు సుగుణమ్మది. దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. ఒంటరి మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు వాకిట్లో ఆ పనీ ఈ పనీ. ఆమె గోడ, మా గోడ ఆనుకుని ఉండేవి. వాన పడితే మా గదిలో చెమ్మ దిగేది. అది ఆమె ఇంటి వల్లేనని తేల్చేశాను. ఆమె ముందుగదిలో, వీధివైపు గోడకు నిలువునా ఒక పగులు కూడా ఉంది. ఈ ఇల్లు కూలడం ఖాయమని వాడకట్టంతా చెప్పాను. ఆఫీసులో అర్జీల మీద అర్జీలు పెట్టాను.

చివరికి ఒక ఇంజనీరు వచ్చాడు. పగులును తడిమి చూసి, ఇది పాతదే కావచ్చు, ఇప్పుడు కదలడం లేదేమో అన్నాడు. నా ముఖం మాడిపోయింది. పగులుకు అడ్డంగా ఒక సన్నటి గాజుపట్టీ పెట్టి, రెండు కొసలూ సిమెంటు ముద్దలతో అతికించాడు. గోడ కదులుతుంటే గాజు విరుగుతుంది. అప్పుడు ఇల్లు కూల్చాల్సిందే. విరగకపోతే పగులు పూడ్చుకుని నిశ్చింతగా ఉండవచ్చు. కొన్ని వారాలు చూద్దామని వెళ్లిపోయాడు.

ఆ మధ్యలోనే సుగుణమ్మకు హనుమకొండలో కంటి ఆపరేషన్ పడింది. వెళ్తూ వెళ్తూ ఇంటి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నా, జర రోజూ పోయి ఆ అద్దం చూస్తుండు. నా కండ్లకు అంత మబ్బే."

"అర్జీ పెట్టింది నేనే గదా సుగుణా. నాకే తాళమిస్తున్నవా?"

"నా మొఖం మీదనే చెప్పి పెట్టినవ్. దొంగోడు చెప్పి వస్తడా?"

"పగిలితె?"

"పగిలితె ఖాళీ జేస్త. పానం కంటె ఇల్లెక్కువనా? పగలకపోతె మాత్రం నువ్వు నా అరుగు మీద కూసోని చాయ్ తాగాలె. గోడ గట్టిదే, నీ మాటే ఉత్తదని వాడకట్టంత వినేటట్టు చెప్పాలె."

"చెప్త తియ్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ నవ్వే నన్ను తిన్నది. రోజూ మధ్యాహ్నం వెళ్లేవాణ్ని. మూసిన ఇంట్లో ఒక వాసన ఉంటుంది, ఎవరో ఇప్పుడే లేచి బయటికి వెళ్లినట్టు. గాజు చెక్కుచెదరలేదు. అది చూసినప్పుడల్లా నాకు కలగవలసింది నెమ్మది. కలిగింది నిరాశ. ఒకరోజు పెద్ద వాన పడింది. వెలవగానే పరుగున వెళ్లాను. అలాగే ఉంది. ఆ పట్టీలో నా కళ్లు మాత్రమే కనిపించాయి, పగులు లోపలి నుంచి ఎవరో నన్ను చూస్తున్నట్టు. నేను దేనికోసం ఎదురుచూస్తున్నాను? ఒక ఒంటరి ఆడమనిషి ఇల్లు పోవాలనా? కాదు, నా మాట నిజం కావాలని. ఆ రెండూ ఒకటేనని తెలియదా? తెలుసు. తెలిసే బొటనవేలిని గాజు మధ్యలో ఆనించాను. ఊరికే ఆనించాననుకున్నాను. తర్వాత నొక్కాను.

అప్పడం విరిగినంత చప్పుడు కూడా కాలేదు.

ఆ వెంటనే లోపలి గదిలో మంచం కిర్రుమంది. పడుకున్న మనిషి లేచి కూర్చుంటే వచ్చే చప్పుడు. ఎంతసేపటికో వెళ్లి చూశాను. నవారు మంచం, మడతపెట్టిన దుప్పటి, మూసిన కిటికీ. పిల్లి కూడా లేదు. తాళం వేసి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఆఫీసుకు ఫోన్ చేశాను. గాజు విరిగిందన్నాను. ఎలా విరిగిందని వాళ్లు అడగలేదు.

ఉత్తర్వు వచ్చింది. గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడింది. సుగుణమ్మ నల్లద్దాలతో తిరిగొచ్చి, నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు చూడబట్టి బతికిన అన్నా. లేకుంటె నిద్రలనే గోడ మీద పడేది" అంది. చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించిందట. ఇంతకంటే నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

జేసీబీ వచ్చిన రోజు నేను మా గుమ్మంలోనే నిలబడ్డాను. మొదటి దెబ్బకు ఆ గోడ కదల్లేదు. రెండోదానికీ కదల్లేదు. డ్రైవర్ నావైపు తిరిగి, "ఏంది తాతా, దీనికేం రోగమని పడగొట్టిస్తున్రు?" అన్నాడు. ఆర్డరుంది అన్నాను. చివరికి పడింది. పడినప్పుడు పగులు దగ్గర విరగలేదు. దానికి జానెడు అవతల విరిగింది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఆమె పరకాలలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మరుసటి వానాకాలం మా గదిలో చెమ్మ మళ్లీ అదే చోట దిగింది. మేస్త్రీని పిలిస్తే మా బాత్‌రూం పైపు చూపించాడు. లోపల ఎప్పుడో పగిలిందట.

ఆ గదిలో మధ్యాహ్నం పడుకుంటే గోడ అవతల మంచం కిర్రుమంటుంది. అవతల ఇప్పుడు ఏముంది? పిచ్చిమొక్కలు, ఎండ. మొదట్లో లేచి వెళ్లి చూసేవాణ్ని. నా భార్యను అడిగితే, ఏం చప్పుడు అంది. అడగడం మానేశాను. అది ఎప్పుడూ లేచి కూర్చున్న చప్పుడే. తిరిగి పడుకున్న చప్పుడు ఇంతవరకు వినలేదు.

తొలి వాన పడగానే సుగుణమ్మ పరకాల నుంచి ఫోన్ చేస్తుంది. పైలమేనా అన్నా, గోడలు చూసుకుంటున్నవా అంటుంది. చూసుకుంటున్నాననే చెప్తాను. మాట నాలుక మీదికి వస్తుంది. ఆమె దేవుడి దయ అంటుంది. మింగేస్తాను.

ఈ ఏడు ఆఫీసు నుంచి ఒక చిన్నవయసు అమ్మాయి వచ్చింది. మా వాడలోనే ఒక దర్జీ ఇంటి గోడకు గాజుపట్టీ పెట్టించింది. రోజూ ఎవరైనా చూస్తుండాలంది. అందరూ నన్నే చూపించారు. "తాతకు అప్పజెప్పున్రి మేడం. సుగుణమ్మ పానం నిలబెట్టింది ఈయనే." దర్జీ నాకు దండం పెట్టాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నాకొద్దు బిడ్డా" అన్నాను.

"ఎందుకు తాతా?"

నోరు తెరిచాను. అందరూ వింటున్నారు. ఆ అమ్మాయి ఆ పని ఇంకొకరికి అప్పగించి వెళ్లిపోయింది.

ఆమె అడిగినదానికి జవాబు ఇది. మిమ్మల్ని క్షమించమనను. ఇల్లు పోయింది మీది కాదు. పరకాల బస్సు ఎక్కే ధైర్యం వస్తుందో రాదో, ఇప్పుడే మాటివ్వలేను. ఇచ్చిన మాట నేనెలా నిలబెట్టుకుంటానో మీరు చూశారు కదా. ఒక్కటి మాత్రం నిజం. ఆ మూసిన ఇంట్లో, ఆ మధ్యాహ్నంలో, ఇన్నేళ్లూ నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను. ఇప్పుడు పక్కన మీరు కూడా ఉన్నారు. ఊపిరి కాస్త ఆడుతోంది.