చుట్టూ కట్టిన కేబులు

నా భార్య చనిపోయిన నెల రోజులకు, ముదలియార్‌పేట టౌన్ బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఆయన పట్టుకున్న పొడవాటి స్టీలు కమ్మి నా మోకాలికి తగులుతూనే ఉంది. రెండుసార్లు జరపమన్నాను. జరిపాడు, మళ్ళీ తగిలింది.

అప్పుడే నా భార్య అక్క ఫోన్ చేసింది. ఆ రోజుకది మూడోసారి. ఆ పుణ్యాత్మురాలు దేవుడి దగ్గర చల్లగా ఉందని, నేను ధైర్యంగా ఉండాలని చెప్పింది. ఆమె గొంతు పక్క సీటుకూ వినబడుతుంది. "సరే వదినా" అని పెట్టేశాను.

ఆ తమిళ ఊళ్ళో తెలుగు విని ఆయన మాట కలిపాడు. చెట్ల పని చేస్తాడట. ఒక బడిలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు, రెండు కొమ్మలు విడిపోయే పంగ దగ్గర చీలిందట. విరగకుండా బడివాళ్ళు కొమ్మల చుట్టూ కేబులు బిగించారట.

"చుట్టూ కడితే బెరడు కోసుకపోతాదన్నా. కొమ్మ సస్తాది. నడిమిన బొక్క ఏసి ఈ కమ్మి దూర్చల్ల. బొక్కేస్తే చెట్టుకి నొప్పంట, హెడ్మాస్టర్ సారు ఒప్పుకోడు. మూడు తడవలు తిరిగినా. ఈ పొద్దూ వద్దంటే చెట్టు పోయినట్టే."

"మంచిది" అన్నాను, ఇక ఆపుతాడని.

ఆపలేదు. "పోయింది ఎవురన్నా?"

"నా భార్య."

"పేరేంది?"

నెల రోజులుగా ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. విసుగుతోనే చెప్పాను. "రుక్మిణి."

"రుక్మిణి" అని తలాడించి, కమ్మి భుజానికెత్తుకుని తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

సాయంత్రం వదిన మళ్ళీ చేసింది. "ఆ పుణ్యాత్మురాలు" అని అనబోతుంటే, "రుక్మిణి అను వదినా" అన్నాను.

చెల్లెలు పోయాక ఆమె ఏడవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.