సద్ది ఇప్పని దూరం

చిక్కబళ్ళాపురంలో మా వంటింట్లో నిమ్మకాయ చిత్రాన్నం అరిటాకులో మూటకట్టి బ్యాగులో పెట్టుకుంటుంటే, వేడికి మగ్గిన ఆకు వాసన గుప్పుమని, ఎక్కబోయే హైదరాబాదు విమానం సంగతి అటుంచి, ముందు మా అవ్వ గుర్తొచ్చింది. ఫోను రోడ్డు దారికి ఒక లెక్క, గాలి దారికి ఇంకో లెక్క చూపిస్తోంది. అవ్వకు ఈ రెండూ అక్కర్లేదు. ఆమె దూరాలన్నీ దారిలో తినే సద్దులతో కొలిచేది.

మా సొంతూరు బాగేపల్లి పక్కన పరగోడు. ఎండాకాలం సెలవుల్లో అవ్వ నన్నూ, పెళ్ళికాని చిన్నత్తనూ వెంటబెట్టుకుని తన పుట్టిల్లు చింతామణికి బయల్దేరితే, తెల్లారకముందే చిత్రాన్నం, పెరుగన్నం, చెనిక్కాయల పొడి కట్టేది. బాగేపల్లిలో బస్సెక్కగానే నాకు ఆకలి. ఎర్రమట్టి దుమ్ము, కాళ్ళకడ్డంగా టమేటా గంపలు, సీటు కింద కోళ్ళు, ఎవరి ఒళ్ళోనో మల్లెపూల బుట్ట, ఇన్ని వాసనల్లోంచీ ఆ మూట నన్నే పిలిచేది. "సగం దారి రాకుండా సద్ది ఇప్పగూడదు" అని చేతిమీద ఒకటేసేది అవ్వ. చిన్నత్త పైట చాటునుంచి నా గుప్పిట్లో బొరుగులు పోసేది. సగం దారి ఎక్కడో అవ్వకే తెలియాలి. ఆమె మూట విప్పిన చోటే సగం దారి. అట్లా చింతామణి ఒక సద్ది దూరం, కూతుర్ని అంతకంటే దూరం ఇచ్చేది లేదని అవ్వ పంతం.

చిన్నత్తకు హైదరాబాదు సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు నచ్చాడని ఆమె నాకొక్కదానికే చెప్పింది, కాబట్టి ఇల్లంతా తెలిసిపోయింది. మాట్లాడడానికొచ్చిన పెద్దమనిషిని అవ్వ నిలదీసింది.

"ఎన్ని సద్దుల దూరమప్పా?"

బస్సులో మూడు సద్దులు పట్టే దారి. ఆయన ఆ సంగతి దాటేసి, "ఇమానంలో పోతే గంటేమ్మా" అన్నాడు.

"గంటకు ఆకలే కాదు గదా! సద్ది ఇప్పే పనే లేదు. అట్లయితే చింతామణి కంటే దగ్గిరే ఉండాది" అని అవ్వ తాంబూలాలకు ఒప్పేసుకుంది.

మా ఇంట్లో విమానాన్ని తలెత్తి చూసినవాళ్ళే గానీ ఎక్కినవాళ్ళు లేరు. చిన్నత్త కాపురానికి వెళ్ళింది బస్సులోనే. ఆ రోజు అవ్వ మూడు మూటలు కట్టింది. "ఇమానం అంటివే అవ్వా?" అన్నాను. "నోరు మూసుకోవే, మీ అత్త ఇంటాది" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవ్వ మోసపోలేదని అప్పుడు తెలిసింది. కూతురి మనసు తెలిసే, దూరం తెలియనట్టు నటించింది.

తర్వాత దేవనహళ్ళిలో విమానాశ్రయం కట్టి, విమానాలు దిగడం మొదలయ్యాక, వాకిట్లో చింతకాయలు కొడుతూ పైన మోత వినబడితే చాలు, "మీ అత్త ఊరికే పోతాండాది సూడు" అనేది. అవ్వ అది ఎక్కకుండానే పోయింది.

ఇప్పుడు బస్సుల్లో కూడా సద్ది మూటలు కనబడవు, దారి పొడవునా హోటళ్ళే. విమానంలో మూట ఒళ్ళో పెట్టుకుని, సగం దారి ఎక్కడొస్తుందా అని మబ్బుల్లోకి చూస్తుండగానే దిగమన్నారు.

హైదరాబాదులో తలుపు తీసిన చిన్నత్త తల సగానికి పైగా నెరిసింది. మూట అందుకుని ముడి తడిమింది.

"దారిలో ఇప్పలేదేమే?"

"ఆకలి కాలేదత్తా."

ఆమె ఆ మూటను అట్లే గుండెకు ఆనించుకుంది.

"అయితే దగ్గిరే ఉండాది" అంది. "ఈ మాట చెప్పేకి అమ్మే లేదు."