అభ్యంతరాలు లేవు

స్వతంత్రమని చట్టం చెప్పే ఇంధన నియంత్రణ సంఘంలో, బహిరంగ విచారణల్లో ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా రాయడం ఇరవై ఏళ్లుగా త్స్వెతాంక పని. దగ్గొచ్చినా కలం ఆపేది కాదు. ఆ రోజు చలికాలంలో ఇళ్లకు గొట్టాల్లో వేడి సరఫరా చేసే కంపెనీ ధర పెంచుకోనివ్వమంది. స్తోయిల్ అనే ముసలాయన లేచి, "ఇప్పటికే కోటు వేసుకుని పడుకుంటున్నానయ్యా. ఇంకా పెంచితే ఏం కప్పుకోను?" అన్నాడు. ఆమె అదీ రాసింది.

విచారణ ముగిశాక, నిరుటిదాకా ఆ కంపెనీలోనే పనిచేసిన సంఘం అధ్యక్షుడు వెల్చెవ్ ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "ఇది అభ్యంతరం కాదమ్మా, బాధ. బాధలకి మన ఫారంలో గడి ఎక్కడుంది? తీసెయ్."

ఆమె కొట్టేసి, 'అభ్యంతరాలు లేవు' అని టైపు చేసి సంతకానికిచ్చింది. వరండాలో స్తోయిల్ టోపీ చేత్తో పట్టుకుని కాచుకుని ఉన్నాడు.

"నా మాట రాశావా తల్లీ?"

"రాశానండీ" అంది, ఆయన మొహం చూడకుండా.

"చల్లగా ఉండు తల్లీ" అని దీవించి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ మెట్లు దిగాడు.