డీజిల్ డ్రమ్ము ఉన్న ఇల్లు

1983లో మా నాయిన కోసం ఒక పాత కారు కొనాలనుకున్నాం. పెట్రోలుదా, డీజిలుదా అన్న దగ్గర మా ఇంట్లో రక్తం కారింది. మాటవరసకు అనడం లేదు. మొదట నాది కారింది, తర్వాత మా అన్నది. నాయిన పోయి చాలా ఏళ్లయింది. అన్న పోయి ఇంకా మూడు నెలలు కాలేదు. జరిగింది జరిగినట్టు తెలిసినవాళ్లలో నేనూ మా వదినా మిగిలాం. వదిన దాని గురించి మాట్లాడదు. అందుకని రాస్తున్నాను.

మాది తాండూరు. 1969లో నాయిన ఊరి బయట ఒక నాపరాయి గని లీజుకు తీసుకున్నాడు. ఆ ఏడాది తెలంగాణ గొడవల్లో బళ్లు మూతపడితే మమ్మల్నిద్దరినీ గనిలోకి దింపాడు. అన్నకు పదహారేళ్లు, నాకు పదమూడు. బళ్లు తెరిచాక నన్ను తిరిగి పంపాడు, అన్నను పంపలేదు. అన్న ఒకరోజు చెప్పకుండా పుస్తకాలు తీసుకుని బడికొచ్చాడు. నాయిన గని నుంచి నడిచొచ్చి, తరగతిలోంచి జుట్టు పట్టి బయటికి ఈడ్చి, దారి పొడుగునా తంతూ తీసుకుపోయాడు. నేను కిటికీలోంచి చూశాను. ఆ సాయంత్రం అన్న నన్ను కొట్టాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

గనిలో ఊరే నీళ్లు తోడడానికి డీజిల్ పంపు ఉండేది. కొన్నేళ్లకు లారీ కూడా వచ్చింది. రెంటికీ కావలసిన డీజిల్ ఇంటి ముందు రేకుల కింద డ్రమ్ములో నిలువ ఉండేది. డ్రమ్ముకు కుళాయి, కుళాయికి తాళం. తాళంచెవి నాయిన మొలతాడుకు ఉండేది. ఎవరికి డీజిల్ కావాలన్నా ఆయన ముందు నిలబడి అడగాలి. ఒక కూలీ దీపానికని సీసాడు డీజిల్ దొంగిలిస్తే నాయిన వాణ్ణి డ్రమ్ముకు కట్టేసి రబ్బరు పైపుతో కొట్టాడు. వాడు నిలబడ్డచోటనే ఉచ్చ పోసుకున్నాడు. అమ్మ అడ్డం పోతే ఆమెకూ రెండు తగిలాయి. మా ఇంట్లో మాట కంటే ముందు చెయ్యి లేచేది. నేను చదువుకుని, వికారాబాద్‌లో పంతులుద్యోగం తెచ్చుకుని, పుస్తకాల మధ్య బతుకుతున్నాను కాబట్టి ఆ చెయ్యి నాకు రాలేదనుకున్నాను.

పద్నాలుగేళ్ల రాతి దుమ్ము నాయిన ఊపిరితిత్తుల్లో చేరింది. మంచం నుంచి గడప దాకా నడిస్తే కాసేపు గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. అప్పటికి అమ్మ లేదు. గని అన్న చేతికొచ్చింది, దానితోపాటు తాళంచెవీ. అనంతగిరి కొండమీది ఛాతీ ఆస్పత్రికి పది రోజులకోసారి తీసుకురమ్మన్నారు డాక్టర్లు. తాండూరు నుంచి నలభై కిలోమీటర్లు. ప్యాసింజర్ రైల్లో బొగ్గు పొగ, బస్సులో బీడీ పొగ. ఒకసారి బస్సులో నాయిన గోర్లు నీలంగా అయ్యాయి. ఎక్కడా పొగ తగలకుండా కొండ ఎక్కితే ఇంకొన్నాళ్లు ఉంటాడు, లేకపోతే దారిలోనే పోతాడని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. కారు ఆలోచన అలా వచ్చింది.

రెండు బండ్లు చూశాం. రెండూ అంబాసిడర్లే. ఒకటి మోమిన్‌పేట్‌లో ఒక రైతుది, పెట్రోలుది, పెద్దగా తిరగనిది. రెండోది బషీరాబాద్‌లో టాక్సీగా తిరిగింది. దాని పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించారు. అప్పట్లో చాలామంది అలా చేసేవాళ్లు. డీజిల్ ధర తక్కువ, పైగా లీటరుకు ఎక్కువ దూరం వచ్చేది. మా లారీ చూసే ముసలి మెకానిక్‌ను రెండింటికీ తీసుకుపోయాం. మేమాయన్ని చాచా అనేవాళ్లం. ఆయన బషీరాబాద్ బండి కింద దూరి, పైన తట్టి, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"బండి ఖరాబ్ లేదు బేటా. గానీ గీ ఇంజన్ దీని కోసం పుట్టింది కాదు. మస్తు ఊగుతది, పొగ లోపలికొస్తది. మీ నాయిన ఛాతీ ఎంత ఓర్సుకుంటదో నన్నడగకుండ్రి, ఆయన్ని కూసోబెట్టి చూడుండ్రి."

కూర్చోబెట్టి చూశాం. స్టేషను దాకా పోయి వచ్చేసరికి నాయిన తువ్వాల నోటికడ్డం పెట్టుకుని వంగిపోయాడు. తువ్వాలలో ఎర్రటి చుక్కలున్నాయి. అన్న వాటిని చూశాడు. చూసి కూడా, రెండు దినాలైతే అలవాటైతదన్నాడు. నాయిన కూడా డీజిలే అన్నాడు. ఊపిరి అందిన తర్వాత ఆయన చెప్పిన కారణం ఒక్కటే: ఇంట్లో డ్రమ్ముంది.

ఆ రాత్రి అన్న ఇంట్లో భోజనాల దగ్గర తగువైంది. నేను పెట్రోలు బండే కొంటానన్నాను. అన్న రొట్టె తుంచుతూ తలెత్తకుండా మాట్లాడాడు.

"డ్రమ్మున్న ఇంట్ల పెట్రోలు కొంటే తాండూరంత నవ్వుతది. నీ లెక్కలు బడిల చెప్పుకో పంతులూ."

"నవ్వితే నవ్వనీ. పోయే ఊపిరి ఆయనది."

"ఊపిరి ముచ్చట నువ్వు చెప్తవా నాకు? రాత్రంత దగ్గుతుంటే ఈపు రాసేది ఎవరు, నీ పెండ్లామా, నా పెండ్లామా?"

అది నిజం. నిజం కాబట్టే నాకు నొప్పి పుట్టింది. నేను అనకూడని మాట అన్నాను. "నీకు నాయిన ముద్దు కాదు, డ్రమ్ము ముద్దు. బండి డీజిలుదైతే ఆయన ఆస్పత్రికి పోవాల్నన్నా నిన్నే అడగాలె గద. అప్పుడు ఆయన నిలబెట్టిండు, ఇప్పుడు నువ్వు నిలబెడ్తవు."

ఇత్తడి చెంబు వచ్చి నా కనుబొమ్మ మీద పడింది. కంట్లోకి రక్తం దిగి వదిన ముఖం కూడా కనిపించలేదు. అన్న లేచి నా మెడ పట్టి గోడకేసి మూడుసార్లు కొట్టాడు. నాయిన మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ఆపమనడానికి ఊపిరి లేదో, ఆపమనాలని అనిపించలేదో తెలియదు. ఆఖరికి వదిన అన్న చెయ్యి కొరికితే వదిలాడు.

"కొను," అన్నాడు అన్న ఆయాసపడుతూ. "పెట్రోలుదే కొను. దాంట్ల డీజిల్ పోస్త. ఎట్ల నడుస్తదో నేనూ చూస్త."

మోమిన్‌పేట్ బండి కొన్నాను. తాండూరుకు తెచ్చిన మొదటి రోజే అన్న గని సుత్తితో దాని హెడ్‌లైటు ఒకటి పగలగొట్టాడు. వదిన అడ్డమొస్తే తోశాడు, ఆమె మోచేయి చీరుకుపోయింది. వారం తర్వాత ఎవరికీ చెప్పకుండా కొత్త లైటు తెచ్చి తనే బిగించాడు.

మూడు నెలలు బండి బాగా నడిచింది. నేను ముందురోజు తాండూరు వచ్చి పడుకునేవాణ్ణి. తెల్లవారగానే నాయినను ముందు సీట్లో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తి బయలుదేరేవాణ్ణి. బండి కుదుపు లేకుండా పోయేది. కొండెక్కే ఘాటు రోడ్డు మీద కూడా ఆయన దగ్గలేదు. ఒకసారి దారిలో కందిచేలు చూసి ఈసారి కాపు బాగుందన్నాడు. ఏడాదిలో ఆయన నాతో ఆపకుండా పలికిన పెద్ద వాక్యం అదే. డాక్టరు కూడా బాగున్నాడన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

చలికాలంలో ఒకరోజు బయలుదేరేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంది. వికారాబాద్ దాకా సరిపోతుంది, అక్కడ పోయించుకోవచ్చని ముందు రాత్రి నాయినతో అన్నాను. పొద్దున్నే టీ తాగి, ఆయన్ని ఎక్కించి బయలుదేరాను. అన్న అప్పటికే గనికి పోయాడు. హైదరాబాదుకు రాయి లోడు చేసుకుని లారీలో తనూ పోతాడని వదిన చెప్పింది.

ఊరు దాటిన కాసేపటికే ఇంజన్ తట్టడం మొదలుపెట్టింది. వెనక తెల్లటి పొగ. చలికి అనుకున్నాను. మైదానంలో ఎలాగో నడిచింది. ఘాటు మొదలయ్యాక బలం లేక ఒక్కో గేరు తగ్గిస్తూ పోయాను. పొగ అడుగు నుంచి లోపలికి వచ్చింది. అద్దాలు దించితే చలిగాలి, ఎత్తితే పొగ. మూడో మలుపులో బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు కాలేదు. నాయిన రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని, నోరు తెరిచి, గాలిని కొరుకుతున్నట్టు పీలుస్తున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. నేను డిక్కీలోంచి స్టార్టింగ్ రాడ్డు తీసి ముందు పెట్టి తిప్పాను. చేతులు బొబ్బలెక్కాయి కానీ ఇంజన్ పలకలేదు.

అప్పుడు మా లారీ వచ్చింది. డ్రైవరు ఆపకముందే అన్న దూకాడు. నాయినను చూశాడు. తర్వాత పోయి పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. నేనూ పోయి చూశాను. డీజిల్. పద్నాలుగేళ్ల నుంచి మా బట్టల్లో, మా అన్నంలో ఉన్న వాసన.

అన్న ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. మూత పెట్టి, ఏమీ అనకుండా నాయిన వైపు కదిలాడు. రాడ్డు నా చేతిలోనే ఉంది. తల మీదికే కొట్టాను. ఆయన కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగితే ఎలా వినిపిస్తుందో గనిలో పెరిగినవాళ్లకు తెలుసు. అది విని కూడా మళ్లీ కొట్టాను, భుజం మీద. కింద పడ్డాక నడుము మీద. నన్ను ఏళ్లపాటు కొట్టిన మనిషి ఆ రోజు ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు. కారులో నాయిన చెయ్యెత్తి ఊపుతున్నాడు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ ఎత్తి ఊపుతున్నాడు. ఊపిరి అందడం లేదని చెబుతున్నాడనుకున్నాను. దాంతో ఇంకా కోపం పెరిగి ఇంకోటి కొట్టాను. లారీ డ్రైవరు వెనక నుంచి నన్ను పట్టి కింద పడేశాడు.

అన్న లేచాడు. రక్తం కారుతూ వేలాడుతున్న చేతిని ఎడమ చేత్తో కడుపుకు అదుముకుని, తువ్వాలతో కట్టమని డ్రైవరుకు చెప్పాడు. తర్వాత కారు తలుపు తీసి, నాయినను ఎడమ భుజం మీద వేసుకుని, లారీ క్యాబిన్‌లోకి ఎక్కించాడు. ఆస్పత్రి అక్కడికి ఇంకో మైలు పైన ఉంది. నేను వెనక రాళ్ల మీద కూర్చుని పోయాను. గేటు దగ్గర దిగేదాకా రాడ్డు నా చేతిలోనే ఉందని నాకు తెలియలేదు.

నాయిన ఆ రోజు పోలేదు. మర్నాడు మధ్యాహ్నం ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు.

"నేనే పోయిమన్న. గని పంపు కాడి మనిషితోని. నువ్వు టీ తాగుతుండంగ."

ఎందుకని అడిగాను.

"తక్కువున్నదంటివి గద. నూనె నూనెనే అనుకున్న. మీ ఇద్దరిది పంతమనుకున్న. సగం వాంది, సగం నీది... కలిస్తే అయిపోతదనుకున్న."

జీవితమంతా డ్రమ్ము ముందు కూర్చున్న మనిషి. పంపుకూ లారీకీ అదే పోసి నడిపాడు. మేం కొట్టుకున్నది ఇంజన్ గురించి కాక మా గురించి అనుకున్నాడు. సగం నిజమే.

అన్న చేతికి వికారాబాద్‌లో కట్టు కట్టించారు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. ఎడమ చేత్తో అన్నం తింటుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. నాయినే పోయించాడని ఆయనకు ముందే తెలుసా అని అడిగాను.

"మూత తీస్తనే తెలిసింది. లారీల పోసుకుని, పంపుకు కావాలె గద అని తాళంచెవి నాయినకే ఇచ్చిపోయిన."

"మరి చెప్పకపోతివి."

"చెప్తే ఆయన్ని కొడ్తుంటివి."

చావుబతుకుల్లో ఉన్న మనిషిని నేనెందుకు కొడతానని అన్నాను. అన్న ముద్ద ఆపి నన్ను చూశాడు. అందులో కోపం లేదు.

"నీ మొఖం నాకు కనబడ్డది తమ్మీ. నీకు కనబడలె."

నాయిన మళ్లీ ఏ బండీ ఎక్కలేదు. ఆస్పత్రి దగ్గరే ఒక గది అద్దెకు తీసుకుని ఉంచాం. వానాకాలం మొదట్లో అక్కడే పోయాడు. కారును బొంరాస్‌పేట అతను కొన్నాడు. తర్వాత దానికి డీజిల్ ఇంజన్ పెట్టించాడని విన్నాను.

అన్న ఆ తర్వాత ఎవరి మీదా చెయ్యెత్తగా నేను చూడలేదు. కుడిచేత్తో సుత్తి ఎత్తలేకపోయేవాడు కూడా. పండక్కీ పబ్బానికీ వికారాబాద్ వచ్చి పోయేవాడు. మా అబ్బాయి చదువులో మొద్దు. వాడి మీద నేను గొంతు పెంచినప్పుడల్లా అన్న, భోజనం మధ్యలో ఉన్నా సరే, లేచొచ్చి వాడికీ నాకూ మధ్య నిలబడేవాడు. నేను గొంతు తగ్గించేదాకా అక్కడే ఉండి, తర్వాత పోయి విస్తరి ముందు కూర్చునేవాడు.